మెట్టు మీద రెండు జతల చెప్పులు

మా కొట్లో ఎవరున్నారో తెలియాలంటే లోపలికి తొంగి చూడనక్కర్లేదు, మెట్టు మీద చెప్పులు చూస్తే చాలు. మంగళగిరి మెయిన్ బజారులో తెల్ల దుప్పట్లు పరిచి చీరలు చూపించే కొట్లన్నిటిదీ ఇదే పద్ధతి. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకపోతే భోజనానికో బ్యాంకుకో వెళ్ళినట్టు. ఎదురుగా మ్యాచింగ్ సెంటర్ నడిపే పుల్లయ్య బాబాయ్ కూడా కేక వేసేముందు మెట్టు వైపు చూసి, దాన్నిబట్టి పేరు పెట్టి పిలుస్తాడు.

ఇరవయ్యేళ్ళ పాటు ఆ మెట్టు మీద నా చెప్పులూ రాజ్యశ్రీ అక్క చెప్పులూ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. హడావిడిలో ఒకరివి ఒకరం వేసుకుపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఈ ఉగాది నుంచి మాత్రం ఆవిడవి ఎడమ చివర, నావి కుడి చివర. మధ్యలో వచ్చేపోయేవాళ్ళవి.

రాజ్యశ్రీ అక్క నా తోడికోడలు. ఆవిడ తేజేశ్వర్ బావగారి భార్య, నేను తమ్ముడు భానుచందర్ భార్యని. మా మామగారు చౌడయ్యగారు మగ్గం దిగి కొట్టు పెట్టారు, కొడుకులు సరుకు కోసం ఊళ్ళు తిరుగుతారు, కొట్టు నడిపేది మేమిద్దరం. అలాంటి మా ఇద్దరికీ మాటల్లేవు. కారణం వింటే నవ్వుతారు, నవ్వండి. నేను ఫోనులో లైవ్ పెట్టి చీరలు చూపిస్తూ, తొందరలో ఒక కాటన్ చీరని పట్టు అన్నాను. వెనక జాకెట్టు ముక్క కొలుస్తున్న అక్క, ఊరంతా వినేలా, "పట్టు కాదది, కాటన్. కళ్ళు పెట్టుకుని చూడు" అంది. చూస్తున్న వాళ్ళు వరసగా నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరో ఆ ముక్క వరకూ కత్తిరించి బజారంతా పంపారు. ఆవిడ చెప్పింది నిజమే. నిజం చెప్పడానికి ఫోను ఆపేదాకా ఆగలేకపోయిందా అని నా మంట. మర్నాటి నుంచి ఆవిడని అక్కా అనడం మానేసి "రాజ్యశ్రీగారూ, మీరు" అనడం మొదలుపెట్టాను. ఆవిడ అసలు పిలవడమే మానేసింది.

కొట్టన్నాక ఇద్దరు చూపించాలి, ఇద్దరు మడత పెట్టాలి. మేం హన్నా అనే మా పనమ్మాయి ద్వారా మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. పక్కనే కూర్చున్న మనిషికి కత్తెర ఇమ్మని హన్నాతో చెప్పించేదాన్ని. షట్టరుకి రెండు తాళాలు, చెరొక తాళంచెవి. అన్నదమ్ములు కొన్నాళ్ళు చూసి విసుగెత్తి, కొట్టు మధ్యకి ప్లైవుడ్ గోడ కట్టించేద్దామన్నారు. ఇటు మాది, అటు వాళ్ళది. వడ్రంగి ఆమోసు వచ్చి నేల మీద సుద్దగీత గీసి వెళ్ళాడు. సోమవారం పొద్దున్న గోడ లేస్తుంది.  మామగారు దుప్పటి ఎత్తి ఆ గీత వైపు చూసి, దుప్పటి మళ్ళీ సర్దారు. ఆయన్నలా చూసి గోడ వద్దనబోయాను. అయినా నోరు విప్పలేదు, ఎందుకంటే ముందు విప్పాల్సింది ఆవిడ.

ఆ సోమవారానికి ముందురోజే విజయవాడలో "అటూ–ఇటూ" వాళ్ళ ప్రోగ్రాం.

అటూ–ఇటూ అంటే వినీల, యేసుకుమార్. పాతికేళ్ళ కిందట కాలేజీలో పాడటం మొదలుపెట్టిన జంట. వాళ్ళవి సినిమా పాటలు కావు, భక్తి పాటలు అంతకన్నా కావు. ఫ్యాను మీద పాట, రెండో షో వదిలాక బస్సు దొరకని ఇద్దరి మీద పాట, అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడకి మిగిలిన మేకు మీద పాట. యేసుకుమార్ చర్చిలో కీబోర్డు నేర్చుకున్నవాడు. వినీల పాడుతుంటే వంటింట్లో తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అక్క దగ్గర వాళ్ళ మొదటి క్యాసెట్ ఉండేది. మామగారు ఉన్నంతసేపూ సుప్రభాతాలూ దండకాలూ. ఆయన ఇంటికెళ్ళగానే అక్క క్యాసెట్ మార్చేది. పగలంతా విప్పి చూపించిన చీరలన్నీ ఆ పాటలు వింటూ మడత పెట్టేవాళ్ళం.

"మెట్ల కింద సైకిలు" అనే పాట ఉంది. ఒక లైను ఆమె, ఒక లైను అతను. చరణం చివర ఇద్దరూ ఆగిపోతారు. నాలుగు తాళం దెబ్బల పాటు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారి అందుకుంటారు. మా మడత దానికి సరిగ్గా సరిపోయేది. ఆ నాలుగు దెబ్బల్లో నేను నా వైపు అంచులు పట్టుకుని అక్క వైపు నడిచి ఆవిడ చేతిలో పెట్టాలి. పాట అందుకునేసరికి చీర సగం అయి ఉండాలి. ఎన్ని వేల చీరలు అలా మడిచామో. ఏనాటికైనా వీళ్ళని ఎదురుగా కూర్చుని చూడాలని ఇద్దరం అనుకునేవాళ్ళం. వాళ్ళు ఇటు వచ్చినప్పుడల్లా పెళ్ళిళ్ళ సీజనో, పురుడో, పుష్కరాలో అడ్డం వచ్చేవి.

ఇప్పుడు నాకు ఇంకో ఆత్రం కూడా ఉంది. ఆ ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవని, వేరే వేరే కార్లలో వస్తారని, స్టేజీ మీద తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోరని చెప్పుకుంటారు. నిజమో కాదో తెలియదు. నిజమైతే, మాట్లాడుకోకుండా ఎలా పాడతారో చూడాలి. గోడ లేచాక నేను ఆ మనిషి పక్కన ఎలా బతకాలో నాకు ఎవరూ చెప్పడం లేదు. వాళ్ళని చూస్తే తెలుస్తుందేమోనని నా పిచ్చి ఆశ.

ఆదివారం హన్నా చర్చికి పోతుంది, రాదు. అన్నదమ్ములిద్దరూ చీరాల వెళ్ళారు. అక్క ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చుంది, నేను సరుకు సర్దే నెపంతో వెనక గదిలో ఉన్నాను. సాయంత్రం అవుతుండగా లైటూ ఫ్యానూ అలాగే ఉంచి, బీరువా కింద దాచుకున్న మంచి చెప్పులు వేసుకుని వెనక తలుపులోంచి సందులోకి జారుకున్నాను. కొట్టు చెప్పులు మెట్టు మీదే వదిలాను. అవి ఉన్నంతసేపూ నేను వెనక గదిలో ఉన్నట్టే. నాతో మాట్లాడదు గనక ఆవిడ వచ్చి చూడదు. ఈ గొడవ వల్ల కలిసొచ్చింది అదొక్కటే అనుకుంటూ బస్సెక్కాను.

వారధి మీద ట్రాఫిక్ ఆగితే బస్సు దిగి నడుద్దామా అనిపించింది. బెంజి సర్కిల్ దగ్గర ఆటో మారి, గుణదల అవతల కొత్తగా కట్టిన కన్వెన్షన్ హాలుకి చేరేసరికి ఇంకా గేటు తియ్యలేదు. టీ తాగాను. ఫోను తీసి కొట్టు నుంచి ఏమైనా వచ్చిందేమో చూశాను. రాలేదు. మళ్ళీ టీ తాగాను. పొద్దున ఎవరిదో పెళ్ళి జరిగినట్టుంది, ద్వారానికి బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి, కుర్చీలకి తెల్లగుడ్డలు తొడిగి వెనక రిబ్బను ముళ్ళు వేసి ఉన్నాయి. నా కుర్చీ పక్కవరస చివర. కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పక్కనున్నావిడ నన్ను చూసి బ్యాగు తన ఒళ్ళోకి తీసుకుంది.

లైట్లు తగ్గించే ముందు, నాకు మూడు వరసల ముందు ఒక చిలకాకుపచ్చ చీర వచ్చి కూర్చుంది. ఆ చీర నాకు తెలుసు. మరీ కొట్టొచ్చినట్టుందని అక్క కొని కట్టకుండా దాచుకున్న చీర. జడ తెలుసు. కూర్చోగానే కొంగు తీసి ఒళ్ళో మడత పెట్టుకునే తీరు తెలుసు.

మొదట ఒళ్ళు మండింది. నాకంటూ ఒక్క సాయంత్రం ఉంచుకుంటే అక్కడికీ వచ్చిందా అనుకున్నాను. ఆ క్యాసెట్ అసలు ఆవిడదేనన్న సంగతి కూడా నాకు ఆ కోపంలో గుర్తు రాలేదు. ఆ తర్వాత వేరే సంగతి గుర్తొచ్చింది. లేచి, మోకాళ్ళు తగులుతున్నా ఆగకుండా జనాన్ని దాటుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాను.

"కొట్లో ఎవరున్నారు?" అన్నాను. ఉగాది తర్వాత నేను నేరుగా ఆవిడతో అన్న మొదటి మాట అది.

అక్క నోరు తెరిచి నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వున్నావుగా."

"నేనిక్కడున్నాగా!"

"మరి నీ చెప్పులు మెట్టు మీదే ఉన్నాయి కదే. వెనక లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. లోపలే ఏడుస్తున్నావనుకుని నీకు అప్పజెప్పినట్టే వచ్చేశా."

నీ చెప్పులేవని అడిగాను. అవీ అక్కడే ఉన్నాయంది. నేను బయటికొస్తే ఆవిడ ఉత్తకాళ్ళతో పక్కకొట్టుకి వెళ్ళిందనుకోవాలని కళ్ళజోడు కూడా గల్లాపెట్టె మీద పెట్టి వచ్చిందట. ఇద్దరం ఒకటే ఎత్తు వేశాం. పెళ్ళిళ్ళ సీజన్లో, ఆదివారం సాయంత్రం, బజారు నడిబొడ్డున మా కొట్టు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక్క పురుగు లేదు. మెట్టుకి ఆ చివర ఒక జత, ఈ చివర ఒక జత, కాపలాకి.

నేను వెళ్తానంటే నేను వెళ్తానన్నాం. త్యాగంలో కూడా ఆవిడే పెద్దది కావాలా అని నాకు మళ్ళీ మంట. వెనకవాళ్ళు కూర్చోమని గొణిగారు. ఎవరు వెళ్ళినా గంట పడుతుంది. చివరికి అక్క పుల్లయ్య బాబాయ్‌కి ఫోన్ చేసింది. నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. ఇద్దరి చెప్పులూ ఇక్కడే ఉన్నాయి కదమ్మా, లోపల నుంచే ఫోన్ చేస్తున్నారా అని ఆయన అడిగాడు. విషయం చెప్పాక కాసేపు నవ్వి, షట్టరు దించుతానన్నాడు. తాళంచెవులు రెండూ మా దగ్గరే ఉన్నాయని చెబితే, సరే ఉత్తినే దించి మెట్టు మీద కూర్చుంటాను, తెమిలి రండి అన్నాడు. దీపం పెట్టే వేళకి మామగారు వస్తారని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈలోగా హాలు చీకటైపోయింది. అక్క పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను, అంచు మీద, ఏ క్షణమైనా లేచేటట్టు.

స్టేజీ మధ్యలో పై నుంచి కింది దాకా తెల్లగుడ్డ అడ్డంగా కట్టి ఉంది. దానికి ఇటు వినీల, అటు యేసుకుమార్. ఆమె గంజి పెట్టిన తెల్లచీర కట్టి, తలమీద రెండు మడతల వార్తాపత్రిక టోపీ పెట్టుకుంది. అతను కరెంటు స్తంభాలెక్కే వాళ్ళ పసుప్పచ్చ హెల్మెట్టు పెట్టుకుని కీబోర్డు ముందు నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు కనపడరు, మేం మాత్రం ఇద్దర్నీ చూడొచ్చు. నమస్కారం లేదు, ఉపన్యాసం లేదు. ఫ్యాను పాటతో మొదలుపెట్టారు. క్యాసెట్లో సన్నగా వినిపించిన గొంతు ఇక్కడ నా పక్కటెముకల్లో మోగింది. నాకు సంతోషంగా ఉంది, అదే సమయంలో మెట్టు మీద పుల్లయ్య బాబాయ్ కళ్ళ ముందు కనపడుతున్నాడు. చేతిలో ఫోను చెమటకి తడిసింది. అక్క కాలు ఆగకుండా ఊగుతోంది. మేకు పాట అయ్యాక వెళ్దామా అంది. ఇంకొక్కటి అన్నాను. అదీ అయ్యాక వెళ్దామా అని నేనన్నాను. ఇంకొక్కటి అని ఆవిడంది.

అప్పుడు కీబోర్డు మీద ఆ రెండు స్వరాలు పడ్డాయి. మెట్ల కింద సైకిలు. హాల్లో ఈలలు మోగాయి. మేం కదల్లేదు.

మెట్ల కింద సైకిలు ఎవరిదని ఆమె అడిగింది. గాలి లేని చక్రాలకి ఊరెందుకని అతను అన్నాడు. చరణం పూర్తయింది, ఇద్దరూ ఆగారు. ఒళ్ళో నా చేతులు వాటంతట అవే అంచులు పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు.

మూడో దెబ్బకే వినీల అందుకుంది.

నేను చటుక్కున అక్క వైపు తిరిగాను. అక్క అప్పటికే నా వైపు తిరిగి ఉంది. ఆ హాల్లో తప్పు తెలిసింది మా ఇద్దరికే అని ఒట్టేసి చెప్పగలను, ఎందుకంటే ఆ నాలుగు దెబ్బల్ని మేం చెవులతో కాదు, కాళ్ళతో నడిచి నేర్చుకున్నాం. గుడ్డకి అవతల యేసుకుమార్ ఆమెను చూడలేదు. కానీ ఆమె మాట పూర్తయ్యేలోగా అతని గొంతు వచ్చి కలిసిపోయింది. అంతటితో ఊరుకోలేదు. రెండో చరణం చివర మళ్ళీ ఆగినప్పుడు, ఈసారి అతనే కావాలని మూడో దెబ్బకి అందుకున్నాడు. ఇక అది తప్పని ఎవరూ అనలేరు, పాటే అంత. వినీల టోపీ కింద నుంచి ఒక్కసారి ఆ గుడ్డ వైపు చూసింది. గుడ్డ తప్ప ఏమీ కనపడదు, అయినా చూసింది.

"ఆవిడ తప్పు బయటపడకుండా తనూ ముందొచ్చాడు, చూశావా?" అంది అక్క నా చెవిలో.

చూశానన్నాను.  నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. అక్క కాసేపు స్టేజీ వైపే చూస్తూ, "ఆ రోజు నేను కూడా..." అంది. తర్వాత ఏమనేదో తెలియదు. అంతలో నా చేతిలో ఫోను మోగింది. చౌడయ్యగారు వచ్చారు, షట్టరెత్తించి లోపల కూర్చున్నారు, మీరు వెంటనే రండి అన్నాడు పుల్లయ్య బాబాయ్, అంతకుమించి చెప్పలేదు.

పాట మధ్యలో లేచి వచ్చేశాం. ఆటోలో పక్కపక్కన కూర్చున్నాం కానీ మధ్యలో బ్యాగు పెట్టుకున్నాం. వారధి మీద మళ్ళీ జాం. కింద నది, ముందు ఎర్రలైట్లు. మామయ్యగారికి నేనే చెబుతానని, పెద్దదాన్ని గనక తప్పు తనదని అక్క అంది. పెద్దరికం వద్దు, ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకుందామన్నాను. రేపు పొద్దున్నే ఆమోసు వస్తాడుగా అంది అక్క. ఆ అన్నాను. వద్దని చెబుదామా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ముందు ఆవిడే అనాలని ఆపుకున్నాను. ఆవిడా అదే ఆపుకుందని ఇప్పుడు తెలుసు. ఎర్రలైట్లు కదిలాయి, బండి కదిలింది, మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం.

కొట్టు ముందు దిగాం. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది, దేవుడి పటం ముందు దీపం వెలుగుతోంది. మామగారు తెల్ల దుప్పటి మీద, సరిగ్గా సుద్దగీత ఉండే చోట కూర్చుని ఉన్నారు. పుల్లయ్య బాబాయ్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చోటు చేసుకోవడానికి కాబోలు, మా చెప్పులు రెండు జతలూ ఒక పక్కకి నెట్టాడు. అవి కలగాపులగంగా, మునుపటిలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

మేం నోరు తెరిచేలోగా మామగారే మాట్లాడారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ మనిషి ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

"వస్తూనే చెప్పులు చూశానమ్మా. రెండు జతలూ ఒకచోటే ఉన్నాయి. అప్పుడే ఆమోసుకి ఫోన్ చేసి గోడ వద్దన్నాను. పెద్దాడికీ చిన్నాడికీ కూడా చెప్పేశాను."

"అవి నేను కూర్చోడానికి జరి—" అని పుల్లయ్య బాబాయ్ మొదలుపెట్టాడు.

"బాబాయ్, మీ కొట్టు చూసుకోండి, ఎవరో వచ్చినట్టున్నారు," అన్నాను. అక్కడ ఎవరూ లేరు. ఆయన నా మొహం చూసి, లేచి, పంచె దులుపుకుని వెళ్ళిపోయాడు.

మామగారు మా మంచి చెప్పుల వైపు చూశారు, అక్క చిలకాకుపచ్చ చీర చూశారు, నన్ను చూశారు. కొట్టు వదిలేసి ఎక్కడికి వెళ్ళారని అడుగుతారనుకున్నాను. 

"ఇద్దరూ కలిసే వెళ్ళారా?" అని అడిగారాయన.

అది ఇంకా నిజం కాలేదు. నాకు తెలుసు, అక్కకీ తెలుసు. నేను ఇంకా ఏం చెప్పాలా అని చూస్తుండగానే అక్క నోరు విప్పింది.

"కలిసే వెళ్ళాం మామయ్యగారూ."

ఒక దెబ్బ ముందొచ్చేసింది. నేను అందుకున్నాను.

"ఒకే ఆటోలో వెళ్ళాం," అన్నాను.